మంజీరలో చేపల యూపిరి

మా తొమ్మిదవ తరగతిలో ఒకే బల్లమీద గూర్చుండు విద్యార్థు లిద్దరు గలరు. ఒకని తండ్రి బోధను ప్రాంతమున చెఱకు పండించిన రైతు. మేనమామ చక్కెర మిల్లులో బాయిలరు కడ పనిచేసినవాడు. రెండవవాడు గంగపుత్రుల బిడ్డ; వాని యింట నేటికిని దండెముమీద బట్టలతోపాటు వలలు నారుచుండును. నిరుడు ప్రకృతిశాస్త్రపు పాఠము నడుచుచుండగా ఈ యిద్దఱికిని వాదము పెరిగినది. మూతబడిన మిల్లు మరల నడువవలెనని మొదటివాడును, నడిచినచో దాని నీరు మంజీరలో గలియగూడదని రెండవవాడును పట్టుబట్టిరి. అప్పుడు మొదటివా డొక ప్రశ్న వేసెను: "ఏ మిల్లు కాలువ కడకైనను పోయి చూడుము. నీరు పడుచోటనే చేప లాడుచుండును. తీపివాసనకు వచ్చి చేరునుగూడ. అది విషమైనచో చేప చేరునా?"

రెండవవానికి సమాధానము తోచలేదు. కోపము మాత్రము వచ్చినది. ఆ ప్రశ్న మంచి ప్రశ్న. చదువుకొన్న పెద్దలును దానికడ తడబడుట నేను చూచితిని. గంట మ్రోగులోపల చెప్పుటకు వీలుపడని ఆ సమాధానమును ఈ పత్రికలో వ్రాయుచున్నాను. ఇది ఆ బాలు రిద్దఱికి మాత్రమే గాక, మిల్లుమీద నొకకన్నును నదిమీద నొకకన్నును ఉంచక తప్పని మన జిల్లావారి కందఱికిని సంబంధించినదే.

మొదట నదిని గూర్చి. మంజీర మహారాష్ట్రమున బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు సీమగుండ మెదకు సీమకు వచ్చి, సుమారు 724 కిలోమీటర్లు ప్రవహించి, మన కందకుర్తికడ గోదావరిలో గలియుచున్నది. అచ్చట హరిద్రయను చిన్న నదియు వచ్చి చేరుటచే దానిని త్రివేణీసంగమ మందురు. హరిద్ర యనగా పసుపు. పసుపు కొమ్ములకు పేరుపడిన జిల్లాకు ఇంతకంటె తగిన నది పేరు దొరకదు. మంజీరకు అడ్డముగా 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగరము మన పొలములకు నీరిచ్చినది. ఆ నీరు చెఱకు నిచ్చినది. ఆ చెఱకును నమ్మి 1937లో బోధనుకడ శక్కరునగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. బోధనే భారతములోని ఏకచక్రపురమని మన పెద్దలు చెప్పుదురు. బకాసురునికి బండ్లకొలది అన్నము పంపిన యూరు, పదునెనిమిది యుగములు గడచినను బండ్లు పంపుట మానలేదని, గానుగకాలమున మైళ్లపొడవున నిలిచిన చెఱకుబండ్లను చూపి ముసలివారు నవ్వెడివారు. అయితే ఈ బకుడు తిన్నదానికి బదులుగా వేలకుటుంబములకు కూడు పెట్టినాడు. 2015 డిసెంబరులో ఆ మిల్లు మూతబడిన తరువాత బోధను బజారు ఎట్లు చిన్నబోయినదో ఆ యూరివారికే తెలియును. కనుక మిల్లు వలదనువాడను నేను కాను.

నిజాంసాగరము నీటిని కాలువలకు మలపుటచేత, వానలు వెనుదిరిగిన పిమ్మట దిగువ మంజీర సన్నగిల్లును. మాఘఫాల్గుణములలో సాలూర వంతెనపైనుండి చూచినచో ఇసుకయే మిక్కుటము. నీరు పాయలుపాయలుగా, అక్కడక్కడ మడుగులుగా నిలుచును. ఆ మడుగులే నది ప్రాణము. బొచ్చె, రవ్వ, వాలుగ, జెల్ల, పరిగె మొదలైన జాతులన్నియు వేసవి గడచువఱకు అందులోనే తలదాచుకొని, తొలకరి వఱద రాగానే ఎదురెక్కి, పల్లపునీటిలో గ్రుడ్లు పెట్టును. కావున మాఘమున ఒక మడుగు చెడినచో నశించునది ఆనాటి చేపలు మాత్రమే కాదు. రాబోవు శ్రావణపు పిల్లలును నశించును. ఇక చెఱకు గానుగ యాడు కాలమేది? కార్తీకము మొదలు ఫాల్గుణము దాటువఱకు. అనగా మిల్లు నీరు మిక్కిలి వెలువడు నెలలును, నదిలో నీరు మిక్కిలి తఱుగు నెలలును ఒక్కటే. ఇది ఎవ్వరి తప్పును కాదు. చెఱకు పండుకాలమే అట్టిది. కాని చెఱకుసీమలో నదిని కాపాడు ఉపాయము ఏదైనను ఇచ్చటినుండియే మొదలుపెట్టవలెను.

చేపకు ఊపిరి నీటిలో కరగిన ప్రాణవాయువే. ముప్పది డిగ్రీల వేడిగల నీటిలో, ఎంత నిర్మలమైనదైనను, లీటరునకు సుమారు 7.5 మిల్లీగ్రాముల కంటె ఎక్కువ ప్రాణవాయువు కరగియుండదు. చల్లనినీటిలో కొంచె మెక్కువ, వేసవినీటిలో తక్కువ. జలచరములకు తగిననీటిలో 4 మిల్లీగ్రాములకు తగ్గరాదని మనదేశపు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణము. అనగా చేపకు మిగులు 3.5 మిల్లీగ్రాములే, ఇది ఎంతటి స్వల్పధనమో గమనింపుడు.

చక్కెర మిల్లునుండి వెలువడు నీటిలో విషము సామాన్యముగా లేదు. గానుగలు కడిగిన నీరు, నేలమీద చిందిన రసము, యంత్రముల జిడ్డు, ఇంతే. దానిని నోట వేసికొన్నచో కొంచెము తీపి యుండును. ఆ తీపియే హాని. నీటిలోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను తినుచు, పెండ్లివిందుకు వచ్చినవారివలె క్షణక్షణమును పెరుగుచు, నీటిలోని ప్రాణవాయువునంతయు పీల్చివేయును. ఎంత పీల్చునో కొలుచు కొలత గలదు. సారాయి కాచిన తరువాత మిగులు నల్లనిద్రవము ఒక్క లీటరు, నలుబది అయిదువేల మిల్లీగ్రాముల ప్రాణవాయువును కోరగలదు. పైలెక్కను బట్టి చూడుడు: ఆ ఒక్క లీటరు ఆఱువేల లీటర్ల నిర్మలమైన నదీజలమును ఊపిరిలేనిదానిగా జేయజాలును. పదునైదు లీటర్ల బిందెతో కొలిచిన నాలుగువందల బిందెలు! మిల్లులోని కడుగునీరు దీనితో పోల్చిన మిక్కిలి సాధువు. అయినను నదిలో నీరే లేనప్పుడు సాధువును బరువే. పట్టణముల మురుగునీటికిని ఇదే లెక్క వర్తించునుగాన, నిజామాబాదువారము మనమును మిల్లువారివైపు వేలు చూపి ఊరకుండరాదు.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తము. సూక్ష్మజీవులు విందారగించుటకు సమయము పట్టును. కాలువనీరు నదిలో పడినక్షణమున నదికి ఇంకను తన ఊపిరి యున్నది. అందుచే అచ్చట చేపలు తిరుగుచునే యుండును. నీరు దిగువకు సాగినకొలది ఊపిరి తఱుగుచు, ఒకటిరెండు దినముల ప్రవాహదూరమున మిక్కిలి హీనస్థితికి వచ్చి, పిమ్మట గాలినుండి మెల్లమెల్లగ మరల కోలుకొనును. అమెరికాలో ఓహయో నదిని శోధించి స్ట్రీటరు, ఫెల్ప్సు అను నిద్దఱు 1925లో దీని గణితము ప్రకటించిరి. దాని గీతను చిత్రించినచో మధ్య సడలి వ్రేలాడు ఉయ్యాలత్రాడువలె నుండును. చేపలు చచ్చునది ఆ త్రాడు మిక్కిలి క్రిందికి వ్రేలాడినచోట. అది కాలువమూతికి అనేక క్రోశముల దిగువ నుండవచ్చును. వేఱొక యూరి పొలిమేర కావచ్చును. అందుచేతనే తప్పు చేసినచోట సాక్ష్యము దొరకదు. సాక్ష్యము దొరకినచోట తప్పు కనబడదు.

ఇది పుస్తకమున చదివి వ్రాసిన మాట మాత్రము కాదు. చాల సంవత్సరముల క్రిందట మఱియొక జిల్లాలో నేను పనిచేయుచున్న కాలమున, ఒక మిల్లునీరు కలియు వాగునకు మిత్రులతో గూడ పోయితిని. ఆ మిల్లు పేరుగాని వాగు పేరుగాని ఇచ్చట అవసరము లేదు. మేము మూతికడ నిలిచి చూచితిమి. నీరు కొంచెము గోధుమవన్నె. వాసన పులిసిన బెల్లమువలె. చేపపిల్లలు గుంపులుగా తిరుగుచున్నవి. మాలో నొకడు "ఇంతేనా!" యనెను. అప్పుడు గట్టుమీద వల బాగుచేసికొనుచున్న ఒక ముదుసలి తల యెత్తకయే పలికినమాట నాకు నేటికిని చెవులలో నున్నది: "సారూ, మీరు మోరీ కాడ్నే చూస్తున్రు. ఆడ ఏముంటది? పొద్దు పొడవకముందు గా కింది మడుగు కాడికి రాండ్రి, కనవడ్తది."

మఱునాడు కోడికూతవేళ ఆయనవెంట నడిచిపోతిమి. మడుగునీరు మూతికడ నీటికంటె తేటగా నున్నది. అందులో వందలకొలది చేపలు ముట్టె పైకెత్తి, నోళ్లు తెఱచి, నీటి పైపొరను అంటుకొని గాలికై తపించుచున్నవి. ఆ ప్రాతఃకాలపు నిశ్శబ్దములో వాని నోళ్ల చప్పుడు సన్నని వానజల్లువలె వినబడినది. ప్రొద్దెక్కునప్పటికి అందు చాలభాగము వెల్లకిలబడినది. వేకువకే ఏల యిట్లగుననగా, పగలు నాచును నీటిమొక్కలును సూర్యకాంతిచే ప్రాణవాయువును విడుచును. రాత్రి అవియు పీల్చుకొనును. కావున తెల్లవారుజామున నీటి ఊపిరి మిక్కిలి తక్కువ. తనిఖీకి వచ్చు ఉద్యోగి పదిగంటలకు వచ్చును. చేప నాలుగుగంటలకే చచ్చును.

ఆ మడుగులో చావనివి కొర్రమీనులు. మన తెలంగాణమునకు రాష్ట్రమత్స్యమైన ఈ చేప పైకి వచ్చి మనవలెనే గాలిని మ్రింగి బ్రదుకగలదు. కనుక "మా యేటిలో కొర్రమీను లున్నవి, ఏటి కేమి కొదవ?" యను మాటను ఎప్పుడును నమ్మకుడు. ఏటిలో కొర్రమీనే మిగిలి, పరిగెలు మాయమైనచో అది శుభవార్త కాదు. ప్రభుత్వమువారు ఏటేట చెఱువులలోను జలాశయములలోను వదలు చేపపిల్లలలో బొచ్చె, రవ్వలే అధికము. అవి గాలి మ్రింగునవి కావు.

మిల్లునీటికి తోబుట్టువైన గనినీటిని గూర్చియు చెప్పవలెను. ఏలనన మన గోదావరి కందకుర్తితో ఆగదు. పోచంపాడు జలాశయమున విశ్రమించి, దిగువకు సాగి, రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల ప్రక్కగా పోవుచున్నది. గోదావరిలోయలో ఇల్లెందుకడ 1871లో డాక్టరు విలియం కింగు బొగ్గును కనిపెట్టెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు ఏర్పడెను. గని త్రవ్వినచోట భూమిలోని ఊటనీరు చేరును. దానిని పైకి తోడక గనిపని సాగదు. మన అదృష్టవశమున గోదావరిలోయ బొగ్గులో గంధకము తక్కువ. కావున ఆ నీటికి పులుపు సామాన్యముగా రాదు. దానిలో భయపడవలసినవి బొగ్గుపొడియు సన్ననిమట్టియు. ఇవి నది అడుగున మేటవేసి చేప గ్రుడ్లను కప్పివేయును. చిన్నచేపలకు ఆహారమైన పురుగులను ఊపిరాడనీయవు. నిలువజేసి తేర్చినచో ఆ నీరే సేద్యమునకును గృహావసరములకును పనికివచ్చును. అట్లు వాడుటయు గలదు.

గంధకము మిక్కుటమైనచోట కథ వేఱు. బొగ్గులోను లోహపురాళ్లలోను ఇనుమును గంధకమును కలిసిన బంగారువన్నె ఖనిజ మొకటి యుండును. గాలియు నీరును తగులగానే అది గంధకామ్లముగాను కరగిన ఇనుముగాను మాఱును. వింత యేమనగా, ఆ నీరు గని ద్వారమున వెలువడునప్పుడు తఱచుగా స్ఫటికమువలె నుండును. దోసిట పట్టి త్రాగవలెననిపించును. కొంతదూరము పోయి గాలి తగిలి, పులుపు విఱిగినపిమ్మటనే ఇనుము విడివడి తుప్పుగా మాఱి, రాళ్లమీద పసుపు సున్నము కలిపి పూసినట్లు పేరుకొనును. ఆ పూతక్రింద నాచు పెరుగదు, పురుగు నిలువదు, గ్రుడ్డు పొదగదు. మిల్లునీటివలెనే గనినీటికిని తప్పొకచోట, శిక్ష వేఱొకచోట.

ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమలో వీల్ జేన్ అను తగరపుగని 1991లో మూతబడినది. తోడు యంత్రములు ఆపగానే గనిలో నీరు పైకెక్కి, 1992 జనవరిలో అడ్డుకట్ట త్రోసికొని, కార్నన్ అను ఏటిగుండ కోట్లకొలది లీటర్లు సముద్రపుపాయలోనికి దుమికినది. కాషాయవర్ణపు నీరు సముద్రము వఱకు వ్యాపించిన ఛాయాచిత్రములను నేను చూచితిని. మనదేశమున మేఘాలయములో జయంతియా కొండలలోని లూఖా నది శీతకాలమున కాటుకనీలమువంటి వన్నె దాల్చుటయు, అందు చేపలు నశించుటయు ప్రసిద్ధములు. బొగ్గుగుంటల ఆమ్లజలము దీనికి ప్రధానకారణముగా చెప్పబడినది. అచ్చటి ఎలుకబొరియలవంటి గనులను జాతీయ హరిత న్యాయస్థానము 2014 ఏప్రిలులో నిషేధించెను. కాని త్రవ్వుట ఆపినంతనే నీరు పులియుట ఆగదు. ఈ భేదమును మాత్రము గుర్తింపుడు: మిల్లు మూతబడినచో నది కొలదినెలలలో కోలుకొనును, గని మూతబడినను తరములవఱకు కారుచునే యుండవచ్చును. కావున గనికి తాళము వేయుటతో పని ముగియదు.

చికిత్సలు లేవా? కలవు, అవి గొప్ప రహస్యములును కావు. గనినీటిని మెట్లమీదుగా దుమికించి గాలి తగులనిచ్చినచో ఇనుము విడివడును. సున్నము వేసి పులుపు విఱువవలెను. వెడల్పైన గుంటలలో నిలిపి తేర్చవలెను. కడపట జమ్మును తుంగయు పెరిగిన మడిగుండ మెల్లగ జాఱవిడువవలెను. సారాయి కాచిన నల్లనిద్రవమును మూతవేసిన తొట్టిలో పులియబెట్టినచో మండు వాయువు పుట్టి బాయిలరునకు వంటచెఱకు తగ్గును. మిగిలినదానిని చెఱకురసపు మడ్డితో కలిపి ఎరువు చేయుట మనదేశపు అనేక మిల్లులలో నున్న పద్ధతియే. ఆ పరిశ్రమ బొట్టునీరైనను బయటికి విడువగూడదని నేటి నియమము. కడుగునీటిని చల్లార్చి, జిడ్డు తీసి, గాలి కొట్టించి శుద్ధిచేసినచో చెఱకుతోటకే పాఱింపవచ్చును. చెఱకుబరువులో ఇంచుమించు మూడుపాళ్లలో రెండుపాళ్లకుపైగా నీరేయని తెలిసినచో, మిల్లు నదిని దప్పికతో పీల్చుటయు, నదిలోనికి ఉమియుటయు రెండును చాలవఱకు తప్పించుకొనవచ్చునని తోచకమానదు.

1974 జలకాలుష్య నివారణ చట్టము గలదు. నదిలో విడుచు నీటికి సామాన్యముగా లీటరునకు 30 మిల్లీగ్రాములకు మించిన ప్రాణవాయువుకోరిక యుండరాదనియు, కరగని మడ్డి 100 మిల్లీగ్రాములకు మించరాదనియు, పులుపు క్షారముల కొలత 5.5 మొదలు 9 వఱకు ఉండవలెననియు నియమము. నియమము మంచిదే. అయితే నాకొక సందేహము గలదు. ఆ ముప్పది, నదిలో నీరు పుష్కలముగా పాఱుచుండగా పలుచనగునను తలంపుతో నిర్ణయింపబడినది. చైత్రమాసపు మంజీరలో పలుచన చేయుట కేమున్నది? వేసవి నీటి ఊపిరి ఏడున్నర. విడుచు నీరు కోరునది ముప్పది. కాగితముమీద దోషము లేని నీరే మడుగులో చేపను చంపజాలును. కాబట్టి మన సీమలో గానుగకాలపు నీటిని గుంటలలో నిలిపి పొలములకే ఇచ్చి, నదికి వఱద వచ్చువఱకు ఒక్క బొట్టును విడువగూడదని నా యభిప్రాయము. మిల్లు మరల తెఱవవలెనని కోరువారు ఆ కోరికపత్రములోనే ఈ గుంటలను గూడ అడుగవలెను. తరువాత అడిగినచో వినువారుండరు. ఇసుక తవ్వకమువలన మడుగుల రూపమే మాఱుట మఱియొక పెద్దకథ. దానిని ఇచ్చట ఎత్తుకొనను.

నీటికి ఊపిరి గలదో లేదో కంటికి తెలియదు. కాని మన ప్రయోగశాలలోని రెండు సీసాల మందుతో తెలియును. వింక్లరు అను హంగరీదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు 1888లో చెప్పిన పద్ధతి యిది. గాలిబుడగ చొరకుండ సీసానిండ నదినీరు ముంచి, మాంగనీసు సల్ఫేటును, క్షారము కలిపిన అయొడైడును వేసి బిరడా బిగించి తిప్పవలెను. ఊపిరిగల నీటిలో గోధుమవన్నె మడ్డి దిగును. ఊపిరిలేని నీటిలో తెల్లనిమడ్డి. గడచిన కార్తీకమున కందకుర్తి సంగమమున మేము ముంచిన సీసాలన్నిటిలోను గోధుమవన్నెయే వచ్చినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

ఈయేడు మాఘమున సాలూర వంతెనకడ నొకటి, కందకుర్తికడ నొకటి, నడుమ గంగపుత్రుల పెద్దలు చూపు మడుగులో నొకటి, నెలకు రెండుమాఱులు సీసాలు నింపవలెనని నిశ్చయించితిమి. పదిగంటలకు గాదు, తెల్లవారుజామున అయిదింటికి. ఆమ్లము వేయుపని ఉపాధ్యాయులదే. పెద్దలు వెంటలేక ఎవ్వరును నీటిలో దిగరాదు. తారీఖు, వేళ, నీటివేడి, మడ్డివన్నె, కనబడిన చేపల పేర్లు ఒక పుస్తకమున వ్రాయబడును. పరిగెలకు వేఱుగా ఒక గడి గీయించితిని. రాదలచినవారు సంక్రాంతి సెలవులకు ముందుగా పేరు లిచ్చునది. దుప్పటియు లాంతరును ఎవరివి వారు తెచ్చుకొనవలెను.